ఫ్రీమాంట్ నీళ్ళ బోర్డు: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, యూనియన్ సిటీ, నెవార్క్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. రేటు పెంచుతున్నామని నోటీసు వచ్చినప్పుడల్లా, వానలు ముఖం చాటేసిన ఏడాదల్లా వాట్సాప్ గ్రూపుల్లో అవే సందేహాలు మళ్ళీ మొదలవుతాయి. వాటిలో చాలావాటి వెనక ఉన్న మాట ఒకటే: "మనకు ఓటే లేదు, మన మాట ఎవరు వింటారు?" నీళ్ళ బోర్డు దగ్గర ఓటు లేనివాళ్ళు చేయగలిగింది మనవాళ్ళు అనుకునేదానికంటే చాలా ఎక్కువ. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## ఇల్లు మారినప్పుడు

మా నీళ్ళు సిటీ వాళ్ళే ఇస్తున్నారా, ఇంకెవరైనానా?

ఫ్రీమాంట్, యూనియన్ సిటీ, నెవార్క్ మూడింటికీ నీళ్ళిచ్చేది అలమీడా కౌంటీ వాటర్ డిస్ట్రిక్ట్. అందరూ ఏసీడబ్ల్యూడీ అంటారు. పేరులో కౌంటీ ఉన్నా కౌంటీ ప్రభుత్వంతో దీనికి సంబంధం లేదు. సిటీ మేయరుకు కూడా దీని మీద అధికారం లేదు.

కాస్త అవతలికి వెళ్తే లెక్క మారిపోతుంది. డబ్లిన్‌లో ఇళ్ళకు నీళ్ళిచ్చేది డబ్లిన్ శాన్ రమోన్ సర్వీసెస్ డిస్ట్రిక్ట్. అది జోన్ 7 అనే మరో సంస్థ దగ్గర టోకున కొంటుంది. ప్లెజంటన్, సన్నీవేల్, శాంటా క్లారాల్లో సిటీయే ఇస్తుంది. ఓక్లాండ్, బర్క్‌లీ వైపు ఈస్ట్ బే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. శాన్ హోసేలో చాలా భాగానికి ఇచ్చేది ప్రైవేటు కంపెనీ. దాని రేట్లు రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ ఖరారు చేస్తుంది, అక్కడ మనం ఎన్నుకునే బోర్డు ఉండదు. ఇల్లు మారగానే బిల్లు పైన ఎవరి పేరుందో చూడండి. మీరు ఎవరిని అడగాలో అక్కడే తేలుతుంది.

వాటర్ డిస్ట్రిక్ట్ అంటే ప్రభుత్వమా, కంపెనీయా?

ప్రభుత్వమే. అయితే ఒక్క పని కోసం పెట్టిన చిన్న ప్రభుత్వం. షేర్‌హోల్డర్లు ఉండరు, లాభం పంచుకోవడం ఉండదు, నడిపేది ఎన్నికైన బోర్డు. కాలిఫోర్నియాలో 1913లో కౌంటీ వాటర్ డిస్ట్రిక్టుల చట్టం వచ్చింది. దాని కింద రాష్ట్రంలో ఏర్పడ్డ మొదటి డిస్ట్రిక్టు మనదే, 1914లో.

అది పుట్టిన కారణం తెలుసుకోదగ్గది. అప్పట్లో ఇదంతా తోటలు, పొలాలు. అలమీడా క్రీక్ నీళ్ళు శాన్ ఫ్రాన్సిస్కోకు తరలిపోతుంటే ఇక్కడి బావుల్లో మట్టం పడిపోయింది. రైతులు, ఊరివాళ్ళు కలిసి భూగర్భ జలాన్ని కాపాడుకోవడానికి ఈ డిస్ట్రిక్టు పెట్టుకున్నారు. ఇళ్ళకు పైపులతో నీళ్ళివ్వడం 1930లో గానీ మొదలుకాలేదు. అంటే కాపలా ముందు వచ్చింది, కుళాయి తర్వాత వచ్చింది.

ఆ కాపలా ఇప్పటికీ నడుస్తోంది. విపరీతంగా తోడేయడంతో శాన్ ఫ్రాన్సిస్కో బే (సముద్రపు పాయ) లోని ఉప్పునీరు నైల్స్ కోన్ అనే భూగర్భ జలాశయంలోకి చొరబడింది. దాన్ని వెనక్కి నెట్టాలంటే పైనుంచి మంచినీళ్ళు ఇంకుతూ ఉండాలి. పిల్లల్ని తీసుకెళ్ళే క్వారీ లేక్స్ పార్కు ఉంది చూడండి, ఆ చెరువులు ఒకప్పటి కంకర గోతులు. ఇప్పుడు అవి ఇంకుడు చెరువులు. క్రీక్‌కు అడ్డంగా గాలి నింపే రబ్బరు డ్యాములు వేసి, నీళ్ళను అటు మళ్ళిస్తారు. ఉప్పు తగిలిన నీళ్ళను కూడా వదలకుండా 2003 నుంచి నెవార్క్‌లో ఒక కేంద్రంలో ఉప్పు తీసి వాడుతున్నారు.

ఇది మన హైదరాబాద్ జలమండలి లాంటిదేనా?

చేసే పనిలో పోలిక ఉంది, పాలనలో లేదు. జలమండలి 1989 చట్టంతో ఏర్పడింది. దాని ఛైర్మన్ ముఖ్యమంత్రి, రోజువారీ పని చూసేది ప్రభుత్వం నియమించే మేనేజింగ్ డైరెక్టర్. హైదరాబాద్‌లో నీళ్ళు వాడేవాళ్ళు బోర్డు సభ్యుల్ని నేరుగా ఎన్నుకోరు. ఇక్కడ ఐదుగురు డైరెక్టర్లనూ స్థానిక ఓటర్లే ఎన్నుకుంటారు, వాళ్ళ పైన ముఖ్యమంత్రి గానీ గవర్నరు గానీ కూర్చోరు. ఇంకో తేడా: జలమండలి మురుగునీరు కూడా చూస్తుంది, ఏసీడబ్ల్యూడీ చూడదు.

మన దగ్గర దీనికి కాస్త దగ్గరగా వచ్చేది 1997 చట్టంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన సాగునీటి వినియోగదారుల సంఘాలు. అక్కడ కాలువ కింద రైతులే తమ సంఘాన్ని ఎన్నుకునేవాళ్ళు.

డ్రైనేజీ పొంగితే కూడా వీళ్ళకే ఫోన్ చేయాలా?

కాదు. ఈ మూడు ఊళ్ళ మురుగునీరు చూసేది యూనియన్ శానిటరీ డిస్ట్రిక్ట్. దానికి వేరే బోర్డు, వేరే ఎన్నికలు. మురుగునీటి చార్జీ ఇంటి యజమానులకు ప్రాపర్టీ టాక్స్ బిల్లులో కలిసి వస్తుంది కాబట్టి చాలామందికి అది కడుతున్నట్టే తెలియదు. రోడ్డు మీద వాననీళ్ళు నిలిస్తే మాత్రం సిటీకి చెప్పాలి.

పెరట్లో బోరు వేయించుకోవచ్చా?

పర్మిట్ లేకుండా కుదరదు. ఈ మూడు ఊళ్ళలో బావి తవ్వాలన్నా, పాతది పూడ్చాలన్నా ఏసీడబ్ల్యూడీ అనుమతి కావాలి. సరిగ్గా వేయని ఒక్క బోరు చాలు, పైన ఉన్న ఉప్పునీరు కింది మంచి పొరలోకి దిగిపోవడానికి. పైగా 1961 నాటి ప్రత్యేక చట్టం ప్రకారం భూగర్భ జలం తోడేవాళ్ళ మీద డిస్ట్రిక్టు చార్జీ వేయగలదు. మన ఊళ్ళో లాగా "నా స్థలం, నా బోరు" అంటే ఇక్కడ చెల్లదు. నా ఉద్దేశంలో చెల్లకపోవడమే మంచిది.

## బోర్డు, దాని అధికారాలు

బోర్డులో ఎవరుంటారు? ఎలా వస్తారు?

ఐదుగురు డైరెక్టర్లు, నాలుగేళ్ళ పదవి. పార్టీ గుర్తులుండవు. అందరి గడువూ ఒకేసారి ముగియదు. సరి సంఖ్య ఏడాదుల నవంబరులో కొన్ని స్థానాలకు, మళ్ళీ రెండేళ్ళకు మిగతావాటికి ఎన్నిక జరుగుతుంది. ఒక స్థానానికి ఒక్కరే నామినేషన్ వేస్తే ఎన్నికే ఉండదు, ఆ వ్యక్తిని నియమించేస్తారు. నీళ్ళ బోర్డుల్లో ఇలా తరచుగా జరుగుతుంది. ఎవరూ పట్టించుకోని పదవి కావడమే కారణం. కోట్ల డాలర్ల పైపులు, పంపులు, ఆనకట్టలు చూసే పదవికి పోటీయే లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

డైరెక్టర్లకు జీతం ఎంత?

జీతం కాదు, హాజరైన రోజుకు భత్యం. రాష్ట్ర చట్టం రోజుకు 100 డాలర్ల దగ్గర మొదలుపెట్టి, బహిరంగ విచారణ జరిపి ఏటా 5 శాతం లోపు పెంచుకోనిస్తుంది. నెలకు 10 రోజులకు మించి తీసుకోకూడదు. ఆస్తులు, ఆదాయ వనరులు ఏటా ఫారం 700లో ప్రకటించాలి. అది ఎవరైనా అడిగి చూడవచ్చు. రెండేళ్ళకోసారి నైతిక నియమాల శిక్షణ కూడా తప్పనిసరి.

డైరెక్టరుకు ఫోన్ చేస్తే మా వీధి పైపు వెంటనే బాగుచేయిస్తారా?

ఆ అధికారం ఆయనకు లేదు. బోర్డు పని విధానం నిర్ణయించడం, బడ్జెట్, రేట్లు, పెద్ద కాంట్రాక్టులు ఆమోదించడం, జనరల్ మేనేజర్‌ను నియమించడం. సిబ్బందికి ఏ పని చెప్పాలన్నా జనరల్ మేనేజరే చెప్పాలి. ఏ ఒక్క డైరెక్టరూ విడిగా ఆదేశాలివ్వలేరు. మీటింగులో మెజారిటీ ఓటుతో తేలితేనే అది బోర్డు మాట.

కాబట్టి పైపు పగిలితే కస్టమర్ సర్వీసుకు చెప్పండి. రాత్రి అయినా ఎమర్జెన్సీ లైన్ ఉంటుంది. అదే వీధిలో అదే పైపు పదేపదే పగులుతుంటే, అప్పుడు డైరెక్టరుకు రాయండి. ఆ పైపును మార్పిడి జాబితాలో ఎప్పుడు పెట్టారని అడగండి. అది బోర్డు జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

వాళ్ళలో వాళ్ళు ముందే మాట్లాడుకుని మీటింగులో ఊరికే చేతులెత్తుతారా?

అలా చేస్తే చట్టవిరుద్ధం. 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం ఐదుగురిలో ముగ్గురు కలిసి బోర్డు వ్యవహారం చర్చిస్తే అది మీటింగే, జనం ముందు జరగాలి. ముగ్గురూ ఒకచోట కూర్చోనక్కర్లేదు. ఒకరు ఇంకొకరికి, ఆ ఇంకొకరు మూడోవారికి ఈమెయిల్ పంపుతూ ఒక అభిప్రాయానికి వచ్చినా చట్టాన్ని మీరినట్టే. తలుపులు మూసుకుని మాట్లాడుకోగల విషయాలు కొన్నే: కోర్టు కేసులు, సిబ్బంది నియామకాలు, యూనియన్ బేరసారాలు, స్థలాల ధరల బేరం వంటివి. ఆ తలుపు వెనక ఏ అంశం మాట్లాడతారో కూడా ఎజెండాలో ముందే రాయాలి.

## మీటింగుకు వెళ్ళేటప్పుడు

నేను హెచ్-1బీ మీద ఉన్నాను. మీటింగుకు వెళ్ళొచ్చా, మాట్లాడొచ్చా?

రెండూ చేయొచ్చు. బోర్డు మీటింగులో మాట్లాడే హక్కు జనంలో ఎవరికైనా ఉంది. పౌరసత్వం, వీసా, ఓటు, ఇంటి యాజమాన్యం ఏవీ అడగరు. పేరు రాయమని కాగితం పెడతారు గానీ, రాస్తేనే లోపలికి రానిస్తామని అనకూడదు. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకూ, చుట్టపుచూపుగా వచ్చిన పెద్దవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. సాధారణంగా ఆ గదిలో జనం చాలా తక్కువ. పొరుగున ఉండే నలుగురు కలిసి వెళ్ళి ఒకే విషయం అడిగితే, ఆ సాయంత్రం బోర్డు దాన్ని తప్పకుండా గమనిస్తుంది.

అమ్మకు ఇంగ్లీషు రాదు. తెలుగులో మాట్లాడొచ్చా?

నిస్సందేహంగా. మీరు పక్కన నిలబడి అనువదించవచ్చు. అనువాదకుడి సాయంతో మాట్లాడేవారికి మామూలుగా ఇచ్చే సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని 2016లో చట్టం చేశారు. మూడు నిమిషాలిస్తుంటే ఆరు నిమిషాలన్నమాట. అప్పటికప్పుడే చెవిలో వినిపించే అనువాద పరికరాలుంటే మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. పేరు పిలవగానే "తెలుగులో మాట్లాడతారు, నేను అనువదిస్తాను" అని అధ్యక్షులకు చెప్పండి, గడియారం సరిచేస్తారు. ఈ సంగతి మనవాళ్ళలో దాదాపు ఎవరికీ తెలియదు. తెలిస్తే తోట పెంచే అమ్మమ్మలు, తాతయ్యలు నీళ్ళ గురించి మనకంటే బాగా మాట్లాడగలరు.

ఎజెండాలో ఏం చూడాలి? అంతా ఒకేలా ఉంది.

రెగ్యులర్ మీటింగుకు 72 గంటల ముందు, ప్రత్యేక మీటింగుకు 24 గంటల ముందు ఎజెండా పెట్టాలి. మొదట "కన్సెంట్ కేలండర్" అనే భాగం చూడండి. చర్చ అక్కర్లేదని సిబ్బంది అనుకున్న అంశాలన్నీ అందులో కట్టగట్టి, ఒకే ఓటుతో ఆమోదిస్తారు. పెద్ద మొత్తాల కాంట్రాక్టులు కూడా అందులో ఉండొచ్చు. మీకు సందేహమున్న అంశాన్ని విడదీసి చర్చించమని కోరవచ్చు. ప్రతి అంశానికీ జతచేసిన స్టాఫ్ రిపోర్టులో "ఆర్థిక ప్రభావం" అనే పేరా ఉంటుంది. టైము లేకపోతే అదొక్కటే చదవండి.

మూడు నిమిషాల్లో ఏం చెప్పాలి?

ఒకటే విషయం చెప్పండి. అంశం నంబరు, మీ వీధి లేదా ఊరు, మీకు ఏం కావాలో. "రేట్లు మరీ ఎక్కువ" అంటే అందరూ తలూపుతారు, ఏమీ జరగదు. "ఫలానా పేజీలో ఈ ఖర్చు నిరుటికన్నా పెరిగింది, ఎందుకు?" అంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. ఎజెండాలో లేని విషయం ఎత్తితే బోర్డు అప్పటికప్పుడు నిర్ణయం తీసుకోకూడదు. ముక్తసరిగా ఒక మాట చెప్పి సిబ్బందికి అప్పగిస్తారు. అది నిర్లక్ష్యం కాదు, చట్టం అంతవరకే అనుమతిస్తుంది.

కాంట్రాక్టు కాగితాలు, లెక్కలు కావాలంటే ఎలా?

కాలిఫోర్నియా పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్ కింద అడగండి. ఈమెయిల్ చాలు, కారణం చెప్పనక్కర్లేదు. అడిగినవి తమ దగ్గర ఉన్నాయా, ఇవ్వగలరా అన్నది 10 రోజుల్లో చెప్పాలి. ప్రత్యేక పరిస్థితుల్లో మరో 14 రోజులు తీసుకోవచ్చు. మన సమాచార హక్కు చట్టం భారత పౌరులకే. ఇది మాత్రం ఎవరికైనా వర్తిస్తుంది. కాపీల ఖర్చు తప్ప దరఖాస్తు రుసుము ఉండదు.

## రేటు పెంచుతామన్నప్పుడు

ఏదో పసుపు కాగితం వచ్చింది, రేటు పెంపు నోటీసట. పారేయొచ్చా?

దయచేసి పారేయకండి. ఏ రంగులో వచ్చినా అది ప్రాపొజిషన్ 218 నోటీసు. 1996లో ఓటర్లు ఆమోదించిన ఆ రాష్ట్ర రాజ్యాంగ సవరణ ప్రకారం, నీటి రేటు పెంచేముందు ప్రతి స్థలం యజమానికీ ఎంత పెంచుతున్నారో, ఏ లెక్కన పెంచుతున్నారో పోస్టులో పంపాలి. పంపాక కనీసం 45 రోజులు ఆగి బహిరంగ విచారణ జరపాలి. ఆ విచారణ ముగిసేలోపు సగానికి మించిన స్థలాల తరఫున రాతపూర్వక అభ్యంతరాలు వస్తే బోర్డు ఆ రేటు పెంచడానికి వీల్లేదు. నీటి రేట్లకు ఇది వర్తిస్తుందని 2006లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది.

ఒకే నోటీసుతో ఐదేళ్ళ వరకు పెంపుల పట్టిక ఆమోదించుకోవచ్చు. అందుకే మొదటి ఏడాది అంకె మాత్రం చూసి ఊరుకోకుండా చివరి గడి దాకా చూడండి.

నాకు ఓటు లేదు. నా అభ్యంతరం లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. ఇక్కడ లెక్క ఓటర్లది కాదు, స్థలాలది. ఇల్లు మీ పేరున ఉంటే మీరు ఏ దేశ పౌరులైనా అభ్యంతరం రాయొచ్చు. అద్దెకున్నా, నీళ్ళ బిల్లు నేరుగా మీ పేరున వచ్చి మీరే కడుతుంటే మీకూ ఆ హక్కుంది. ఒక స్థలానికి ఒక్క అభ్యంతరమే లెక్క. యజమాని, అద్దెదారు ఇద్దరూ రాసినా, భార్యాభర్తలిద్దరూ రాసినా ఒకటే. అపార్టుమెంటులో నీళ్ళ ఖర్చు అద్దెలో కలిసిపోతే మాత్రం ఈ దారి మీకు లేదు. విచారణలో మాట్లాడే హక్కు అప్పుడూ ఉంటుంది.

అభ్యంతరం లెటర్ ఎలా రాయాలి?

తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు చాలు. స్థలం అడ్రసు లేదా ప్రాపర్టీ టాక్స్ బిల్లు మీది పార్సిల్ నంబరు, ఏ రేటు పెంపును వ్యతిరేకిస్తున్నారో, మీ పేరు, సంతకం. కారణం రాయడం తప్పనిసరి కాదు. పోస్టులో పంపండి లేదా విచారణ రోజు క్లర్కు చేతికివ్వండి. ఈమెయిల్ ఒప్పుకుంటారో లేదో నోటీసులోనే ఉంటుంది. విచారణలో నిలబడి నోటితో చెప్పింది లెక్కలోకి రాదు, కాగితం ఉండాలి. పోస్టు ముద్ర తేదీ కాదు, వాళ్ళకు చేరిన సమయం ముఖ్యం.

సగం మంది రాయడం జరిగే పనేనా?

ఇంత పెద్ద డిస్ట్రిక్టులో చాలా కష్టం. చిన్న డిస్ట్రిక్టుల్లో మాత్రం సాధ్యమే. అయినా రాయమంటాను, ఎందుకంటే ఆ చట్టంలో ఇంకో కోర ఉంది: సేవకు అయ్యే ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. శాన్ హువాన్ కపిస్ట్రానోలో ఎక్కువ వాడేవాళ్ళకు ఎక్కువ రేటు వేసి, ఆ మెట్లకు ఖర్చు లెక్క చూపలేకపోయినందుకు 2015లో అప్పీలు కోర్టు ఆ రేట్లను తప్పుపట్టింది. ఆ తర్వాత ప్రతి బోర్డూ రేటు నిర్ణయానికి ముందు ఖర్చుల అధ్యయనం జాగ్రత్తగా చేయిస్తోంది. ఆ అధ్యయనం అడిగి తీసుకుని, మీ ప్రశ్నలు రాతలో పెట్టండి. రాతలో పెట్టినది రికార్డులో ఉండిపోతుంది.

తక్కువ వాడినా బిల్లు పెద్దగా తగ్గట్లేదేమిటి?

బిల్లులో రెండు ముక్కలుంటాయి. ఒకటి మీటరు సైజును బట్టి వేసే స్థిర చార్జీ, కుళాయి విప్పకపోయినా కట్టాలి. రెండోది వాడకం, యూనిట్ల లెక్కన. ఒక యూనిట్ అంటే 748 గ్యాలన్లు, మన లెక్కలో సుమారు 2,830 లీటర్లు. కొత్త ఇళ్ళలో మంటలార్పే స్ప్రింక్లర్ల కోసం పెద్ద మీటరు పెట్టి ఉండొచ్చు. అందుకే ఇద్దరే ఉన్నా పక్కింటికన్నా స్థిర చార్జీ ఎక్కువ పడుతుంది.

పొదుపు చేయమన్నారు, చేశాం. తర్వాత రేటు పెంచారు. ఇదేం న్యాయం?

మనవాళ్ళకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే, ఆ కోపం అర్థవంతమైనదే. డిస్ట్రిక్టు ఖర్చుల్లో ఎక్కువ భాగం నీళ్ళ గ్యాలన్లతో పెరిగి తగ్గేది కాదు. పైపులు, శుద్ధి కేంద్రాలు, సిబ్బంది, అప్పుల వాయిదాలు, బయటి నుంచి తెచ్చే నీటి ఒప్పందాలు, అన్నీ అలాగే ఉంటాయి. పైగా హేవార్డ్ ఫాల్ట్ అనే భూకంప చీలిక సరిగ్గా ఫ్రీమాంట్ గుండా పోతుంది, 1868లో దాని మీద పెద్ద భూకంపం వచ్చింది. దాన్ని దాటే పెద్ద పైపుల్ని బలపరచక తప్పదు. అమ్మిన యూనిట్లు తగ్గితే ఆ ఖర్చంతా మిగిలిన యూనిట్ల మీద పడుతుంది.

కానీ మనం పొదుపు చేయకపోతే అదనపు నీళ్ళు ఎక్కడో కొనాలి, అవి ఇంకా ఖరీదు. ఈ మాట బోర్డు కరువు మొదలైన రోజే స్పష్టంగా చెప్పాలి. "తగ్గిస్తే బిల్లు తగ్గుతుంది" అని మాత్రమే చెప్పి, రెండేళ్ళకు పెంపు నోటీసు పంపితే జనానికి నమ్మకం పోతుంది. విచారణలో అడగాల్సిన ప్రశ్న ఇది: కరువు నిధి ఎంత ఉంది, ఎప్పుడు వాడతారు?

ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు డిస్కౌంటు ఎందుకు తేలిగ్గా ఇవ్వరు?

ప్రాపొజిషన్ 218 అడ్డం వస్తుంది. ఒకరి రేటులో మిగిల్చి మరొకరికి రాయితీ ఇవ్వకూడదు. అద్దెలు, ప్రాపర్టీ టాక్సులో వాటా లాంటి వేరే ఆదాయం నుంచే ఇవ్వాలి. అందుకే కార్యక్రమాలు చిన్నవిగా ఉంటాయి. ఉన్నాయేమో కస్టమర్ సర్వీసును అడగండి.

## బిల్లు ఎగిరినప్పుడు

ఈసారి బిల్లు రెట్టింపు వచ్చింది. మీటరు చెడిందా?

మీటరుకన్నా ముందు లీకును అనుమానించండి. కాలిబాట పక్కన సిమెంటు లేదా ప్లాస్టిక్ మూత ఉన్న చిన్న పెట్టెలో మీటరు ఉంటుంది. స్క్రూడ్రైవరుతో మూత లేపండి. లోపల మట్టి, సాలెగూళ్ళు ఉంటాయి, గ్లవ్స్ వేసుకోండి. ఇంట్లో కుళాయిలు, వాషింగ్ మెషీను, తోట టైమరు అన్నీ ఆపాక మీటరు ముఖం తుడిచి చూస్తే అంకెల పక్కన చిన్న త్రికోణమో నక్షత్రమో కనిపిస్తుంది. అది మెల్లగా తిరుగుతూ ఉంటే నీళ్ళు ఎక్కడికో పోతున్నట్టే. డిజిటల్ మీటరైతే ప్రవాహం అంకె సున్నా కావాలి.

తర్వాత ఇంటి మెయిన్ వాల్వు కట్టేయండి. అప్పటికీ తిరుగుతుంటే మీటరుకీ ఇంటికీ మధ్య పైపులో లీకు. ఆగిపోతే ఇంట్లోపల. టాయిలెట్ ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ వేసి పావుగంట ఆగి చూడండి. ఫ్లష్ చేయకుండానే కింద రంగు కనిపిస్తే లోపలి రబ్బరు మూత పాడైంది, హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరుకుతుంది. మీటరు తర్వాత పైపు బాధ్యత ఇంటివారిదే. బాగుచేయించిన రసీదు చూపిస్తే కొంత తగ్గించే పద్ధతి చాలా డిస్ట్రిక్టుల్లో ఉంది, అడగడం మర్చిపోకండి.

ఉద్యోగం పోయింది, బిల్లు కట్టలేను. నీళ్ళు ఆపేస్తారా?

వెంటనే ఆపలేరు. 2018లో చేసిన రాష్ట్ర చట్టం ప్రకారం బకాయి కనీసం 60 రోజులు దాటాలి, ఆపేముందు 7 పనిదినాల నోటీసివ్వాలి, వాయిదాల ఏర్పాటు ఉందని చెప్పాలి. బిల్లు తప్పని మీరు అప్పీలు చేస్తే అది తేలేదాకా ఆపకూడదు. నోటీసులు ఇంగ్లీషుతో పాటు స్పానిష్, చైనీస్, తగాలోగ్, వియత్నామీస్, కొరియన్ భాషల్లో, ఇంకా ఆ ప్రాంతంలో 10 శాతం మంది మాట్లాడే భాషల్లో ఉండాలి. ఆ పేర్లలో తెలుగు లేదు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళ చేతికి ఎర్రక్షరాల కాగితం వస్తే పక్కన పెట్టేయకుండా మీకు ఫోటో తీసి పంపమనండి.

ఓనరు నీళ్ళ బిల్లు కట్టలేదట. మేం అద్దెకున్నాం, మా గతేంటి?

బిల్లు ఓనరు పేరున ఉన్నా, ఆపడానికి కనీసం 10 రోజుల ముందే మీకూ తెలియజేయాలి. ఓనరు పాత బకాయి మీరు కట్టనక్కర్లేకుండా మీ పేరున కనెక్షన్ మార్చుకునే అవకాశం ఇవ్వాలి. లీజు కాపీ దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.

## నీటి నాణ్యత, కరువు

స్టీలు గిన్నెల మీద తెల్ల మరకలు. నీళ్ళు మంచివేనా?

అవి కాల్షియం, మెగ్నీషియం మరకలు. ఒంటికి హాని లేదు. మన నీళ్ళు మూడు చోట్ల నుంచి వస్తాయి: సౌత్ బే అక్విడక్ట్ ద్వారా 1962 నుంచి వస్తున్న స్టేట్ వాటర్ ప్రాజెక్టు నీళ్ళు, శాన్ ఫ్రాన్సిస్కో వ్యవస్థ నుంచి కొనే హెచ్ హెచీ నీళ్ళు, ఇక్కడి క్రీక్, బావుల నీళ్ళు. సియెరా కొండల నుంచి వచ్చే హెచ్ హెచీ నీళ్ళు మెత్తనివి, బావి నీళ్ళు కఠినమైనవి. కలిపి ఇస్తారు.

పీఫాస్ అని భయపెడుతున్నారు. మన నీళ్ళలో ఉందా?

పీఫాస్ అంటే తేలిగ్గా విచ్ఛిన్నం కాని కృత్రిమ రసాయనాల కుటుంబం. నైల్స్ కోన్ బావులు కొన్నింటిలో బయటపడింది, తొలగించడానికి శుద్ధి కేంద్రం కట్టారు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర పర్యావరణ సంస్థ వీటిలో ముఖ్యమైన రెండు రసాయనాలకు లీటరుకు 4 నానోగ్రాముల పరిమితి పెట్టింది. ఏటా జులై 1 లోపు ప్రతి డిస్ట్రిక్టూ నాణ్యత నివేదిక ఇవ్వాలి. అందులో పరిమితి ఎంత, మన నీళ్ళలో తేలింది ఎంత అన్నవి పక్కపక్కనే ఉంటాయి. ఫిల్టర్ అమ్మేవాళ్ళ మాటకన్నా ముందు అది చూడండి.

కరువు వస్తే లాన్‌కు నీళ్ళు పెట్టొద్దని ఎవరు చెప్తారు?

కొరత ఎమర్జెన్సీ ప్రకటించే అధికారం బోర్డుదే, బహిరంగ విచారణ జరిపి ప్రకటిస్తుంది. 2015లో లాగా గవర్నరు రాష్ట్రమంతటికీ 25 శాతం కోత ఆదేశించిన సందర్భమూ ఉంది. కరువుతో సంబంధం లేకుండా, ఎవరూ నడవని అలంకారపు పచ్చికకు తాగునీరు పెట్టకూడదని 2023లో మరో చట్టం చేశారు. ప్రభుత్వ స్థలాలకు 2027 నుంచి, హోమ్ ఓనర్స్ అసోసియేషన్ల ఉమ్మడి స్థలాలకు 2029 నుంచి వర్తిస్తుంది. మీ సొంత ఇంటి పచ్చిక దీని కిందకు రాదు.

## ఓటు, పోటీ

గ్రీన్ కార్డు వచ్చింది. నీళ్ళ బోర్డు ఎన్నికల్లోనైనా ఓటు వేయొచ్చా?

వేయకూడదు. పౌరులకే ఓటు. పొరపాటున ఓటరుగా నమోదై ఓటు వేసినా ఇమ్మిగ్రేషన్ పరంగా చాలా పెద్ద చిక్కు, దేశం నుంచి పంపించేదాకా పోవచ్చు. డీఎంవీలో లైసెన్సు ఫారం నింపేటప్పుడు పౌరసత్వం ప్రశ్న దగ్గర ఆగి, చదివి జవాబివ్వండి. అభ్యర్థుల్ని ప్రశ్నించడం, మీటింగులో మాట్లాడటం, రికార్డులు అడగడం, రేటు మీద అభ్యంతరం రాయడం మాత్రం మీ హక్కులే.

సిటిజన్ అయ్యాను. బోర్డుకు పోటీ చేయాలంటే?

ఆ డిస్ట్రిక్టులో, వార్డుల వారీగా ఎన్నికలైతే ఆ వార్డులో, నమోదైన ఓటరు అయి ఉండాలి. ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. నవంబరు ఎన్నికకు నామినేషన్లు 113 రోజుల ముందు తెరుస్తారు, 88 రోజుల ముందు మూసేస్తారు. అంటే జులై మధ్య నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా. పాత డైరెక్టరు నామినేషన్ వేయకపోతే ఇంకో ఐదు రోజులు పొడిగిస్తారు. ఓటరు పుస్తకంలో మీ గురించి వేయించుకునే ప్రకటనకు డబ్బు కట్టాలి, ఎంతో ముందే అడగండి. ఫారాలు ఓక్లాండ్‌లోని కౌంటీ రిజిస్ట్రార్ ఆఫ్ వోటర్స్ ఆఫీసులో ఇస్తారు. చివరి రోజు దాకా ఆగకుండా, తప్పులు దిద్దుకోవడానికి ఒక వారం చేతిలో ఉండేలా వెళ్ళండి.